పరదేశంలో సిమ్ము దొరుకుతుంది, ఊరి నంబరే నిలవడం లేదు

కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ సహాయ మంత్రి డాక్టర్ పెమ్మసాని చంద్రశేఖర్ గారికి బహిరంగ లేఖ



పరదేశం పోయేవాళ్లు అక్కడ ఏ సిమ్ము కొనాలో చెప్పే సలహాలకు ఇప్పుడు కరువు లేదు. మా మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం వైపు నుంచి పోయేవాళ్లకు మాత్రం అంతకన్నా ముందు తేలాల్సిన సంగతి ఒకటుంది. ఊళ్లో తీసుకున్న నంబరు వాళ్లు తిరిగొచ్చేదాకా నిలుస్తుందా, నిలవదా? దీనికి జవాబు సెల్లు షాపుల్లో లేదు, మీ శాఖ చేతిలో ఉంది. మీరు వైద్యవృత్తి కోసం అమెరికా వెళ్లి, అక్కడే యూవరల్డ్ సంస్థను నిలబెట్టి, 2024లో గుంటూరు నుంచి గెలిచి కేంద్రంలో గ్రామీణాభివృద్ధి, కమ్యూనికేషన్లు రెండూ చూస్తున్నారు. పల్లె కష్టమూ, పరదేశంలో ఉండే ఇబ్బందీ రెండూ తెలిసినవారు ఆ కుర్చీలో ఉన్నప్పుడే ఈ మాట చెప్పుకోవాలని రాస్తున్నాను.

మాది వానను నమ్ముకున్న నేల. కంభం చెరువు నిండిన ఏడు ఒక తీరు, ఎండిన ఏడు ఇంకో తీరు. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం చూస్తూ చూస్తూ ఒక తరం ముసలిదైపోయింది. దేశదేశాల బడిపిల్లల చేతుల్లోకి వెళ్లిన మార్కాపురం పలక ఇప్పుడు మునుపటంత మందికి కూలి పెట్టలేకపోతోంది. అందుకే వలస మాకు కొత్త కాదు. హైదరాబాదు, బెంగళూరు దారులు ఎప్పటినుంచో ఉన్నాయి. కొమరోలు, గిద్దలూరు వైపు ఊళ్లు కడప జిల్లాకు ఆనుకుని ఉండటంతో పోరుమామిళ్ల, బద్వేలు మనుషుల వెంట కువైట్ దారి కూడా తెలిసింది. మేస్త్రీలు, డ్రైవర్లు, ఇంటిపనికి పోయే ఆడవాళ్లు, పెద్ద చదువులకు అమెరికా, ఇంగ్లండు, ఆస్ట్రేలియా పోయే పిల్లలు, హజ్‌కు, ఉమ్రాకు పోయే పెద్దవాళ్లు, అందరికీ ఫోను ఒక్కటే ఆధారం. ఒకప్పుడు గల్ఫ్ నుంచి మాటలు నింపిన క్యాసెట్లు వచ్చేవి. వారానికోసారి ఎస్టీడీ బూత్ దగ్గర ఇంటిల్లిపాదీ కూర్చుని కాల్ కోసం చూసేవాళ్లు. మాట్లాడుకోవడం అనే ఆ కష్టం దాదాపు తీరింది. వాట్సాప్‌లో ముఖం చూసుకుని మాట్లాడుకుంటున్నారు. ఇప్పుడున్నది ఇంకో రకం కష్టం, బయటికి కనపడనిది.

మార్కాపురంలో ఒక రీఛార్జి షాపులో నేను చూసింది చెబుతాను. కువైట్‌లో రెండేళ్లు పనిచేసి సెలవు మీద వచ్చిన మనిషి పాస్‌పోర్టు అట్టలోంచి చిన్న కాగితం పొట్లం తీశాడు. అందులో సిమ్ము. పోయేరోజు భద్రంగా చుట్టి దాచుకున్నది. ఫోనులో వేస్తే సిగ్నలు గీతలు రాలేదు. తీసి, తుడిచి, మళ్లీ వేశాడు. షాపతను తన ఫోనుతో ఆ నంబరుకు కాల్ చేశాడు. అవతల ఒక ఆడమనిషి ఎత్తి, ఎవరు కావాలండీ అంది. ఆ నంబరు ఇంకొకరిదై చాన్నాళ్లయింది. ఆ మనిషి మొదట ఆమె మీద కోప్పడ్డాడు, తర్వాత షాపతని మీద. ఎవరి తప్పూ కాదని తెలిశాక కౌంటరు మీద చేతులు పెట్టుకుని ఊరికే నిలబడిపోయాడు. అతని ఆధార్‌కు ఉన్నది ఆ నంబరే. బ్యాంకు ఖాతాకు ఉన్నదీ అదే. పొలం కాగితాలకు, గ్యాసుకు, పిల్లవాడి స్కూలు దరఖాస్తుకు ఇచ్చిందీ అదే. నలభై రోజుల సెలవులో సగం ఆ నంబరు మార్పించుకోవడానికి తిరగడంతోనే పోతుందని షాపతను నెమ్మదిగా చెప్పాడు. ఇలాంటివాళ్లు ఏడాదికి ఎందరో వస్తారని కూడా అన్నాడు.

దీంట్లో చట్టం తప్పిన పని ఏమీ లేదు, నా బాధ అదే. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2013లో పెట్టిన నిబంధన ప్రకారం 90 రోజులు వాడకం లేని ప్రీపెయిడ్ నంబరును కంపెనీ తీసేయవచ్చు. ఖాతాలో 20 రూపాయలు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే మాత్రం తీసేయకూడదు, ఆ ఇరవై కోసుకుని గడువు పెంచాలి. తీసేసిన నంబరును కనీసం మరో 90 రోజులు ఎవరికీ ఇవ్వకూడదు, ఆ తర్వాత ఇవ్వవచ్చు. నంబరును ఇంకొకరికి ఇచ్చే ఈ సంగతి 2023లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నంబర్లు తరగని గనులు కావు, వాడనివి మళ్లీ వాడుకలోకి రావాలి, నిజమే. కానీ మూడు నెలలు, మరో మూడు నెలలు కలిపితే అర్ధ సంవత్సరం. కువైట్ ఒప్పందం సాధారణంగా రెండేళ్లు. గడువులు పెట్టినప్పుడు ఊళ్లో ఉండి ఫోను వాడని మనిషిని మనసులో పెట్టుకున్నారే తప్ప, బతుకుదెరువుకు సముద్రం దాటిన మనిషిని లెక్కలోకి తీసుకోలేదు.

ఇరవై రూపాయల నిబంధన తెలిసినవాళ్లకు కూడా సగం రక్షణే దక్కుతోంది. 2018 చివరి నుంచి కంపెనీలు కనీస రీఛార్జి అనే పద్ధతి తెచ్చాయి. ప్లాను గడువు తీరితే కొన్నాళ్లకు లోపలికి వచ్చే కాల్సు, మెసేజీలు కూడా ఆగిపోతాయి. నంబరు పేరుకు మనదే, ఓటీపీ మాత్రం రాదు. ఓటీపీ రాని నంబరు పరదేశంలో ఉన్నవాడికి ఎందుకు?

సరే, నెలనెలా రీఛార్జి చేయించుకోవచ్చు కదా అంటారు. 2024 జులైలో ధరలు పెరిగాక ఎయిర్‌టెల్‌లో 28 రోజుల కనీస ప్యాకు 199 రూపాయలైంది. ఏడాదికి పదమూడు సార్లు వేయాలి, 2,587 రూపాయలు. డేటా అక్కర్లేనివాళ్లకు మాటలు, మెసేజీలు మాత్రమే ఉండే ప్యాకులు ఇవ్వాలని 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించింది, ప్రత్యేక ప్యాకుల గడువును 90 రోజుల నుంచి 365 రోజులకు పెంచింది. మంచి పని. ఆ ఆదేశం తర్వాత 2025 జనవరిలో ఎయిర్‌టెల్ ఏడాది ప్యాకు 1,849 రూపాయలకు తెచ్చింది. అందులో దేశంలో ఎక్కడికైనా పరిమితి లేని కాల్సు, 3,600 మెసేజీలు. కువైట్‌లో ఉన్న మేస్త్రీకి వాటిలో ఒక్క కాల్ కూడా పనికిరాదు. అతనికి కావలసింది నెలకు రెండో మూడో ఓటీపీలు. వాటికోసం, అతను ఎన్నడూ చేయని కాల్సుకు డబ్బు కట్టిస్తున్నాం.

ఓటీపీ అవసరం మేం కోరి తెచ్చుకున్నది కాదు. బ్యాంకు నుంచి రైతు సాయం దాకా ప్రభుత్వాలు, సంస్థలు ప్రతి తలుపుకూ ఆ నంబరునే తాళంచెవి చేశాయి. మన రాష్ట్రంలో 2025 జనవరి నుంచి మన మిత్ర పేరుతో వాట్సాప్ మీద ప్రభుత్వ సేవలు వచ్చాయి. కరెంటు బిల్లు నుంచి ధ్రువపత్రాల దాకా మార్కాపురం మనిషి మస్కట్‌లో కూర్చుని అడిగే వీలు కలిగింది. కానీ ఆధార్‌కు విదేశీ నంబరు ఇచ్చినా దానికి మెసేజీలు రావు. బ్యాంకులో నంబరు మార్చాలంటే శాఖకు రావాలంటారు. విదేశీ నంబరుతో యూపీఐ వాడుకోవచ్చని 2023 జనవరిలో చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ ప్రకటించినప్పుడు పది దేశాల జాబితా ఇచ్చింది. అందులో ఒమన్, ఖతార్, సౌదీ, యూఏఈ ఉన్నాయి. కువైట్ లేదు. తెలుగువాళ్లు తరతరాలుగా పనికి పోతున్న దేశాన్ని మొదటి జాబితాలో మరిచారు. పైగా ఆ సౌకర్యం ప్రవాసులకుండే ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలకే. కూలిపనికి పోయిన మనిషికి తన మామూలు పొదుపు ఖాతాను అలా మార్చుకోవాలన్న సంగతి చెప్పేవాళ్లే లేరు.

వీటన్నిటి మీద ఇప్పుడు ఇంకో భయం వచ్చి పడింది. 2025 నవంబరు 28న మీ శాఖ ఒక ఆదేశం ఇచ్చింది. వాట్సాప్ లాంటి యాప్‌లు ఏ నంబరుతో నమోదయ్యాయో ఆ సిమ్ము ఫోనులో ఉంటేనే పనిచేయాలని. దీన్నే సిమ్ బైండింగ్ అంటున్నారు. సైబరు దొంగలను కట్టడి చేయడానికి తెచ్చారని తెలుసు. ఆ దొంగల చేతుల్లో మా ప్రాంతం వాళ్లు కూడా డబ్బు పోగొట్టుకున్నారు, కాబట్టి ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. సిమ్ము ఫోనులోనే ఉండి రోమింగ్‌లో ఉన్నవాళ్లకు ఇబ్బంది లేదని కూడా మీ శాఖ వివరణ ఇచ్చింది. మరి సిమ్ము పెట్టెలో పెట్టుకుని, మన దేశపు నంబరు వాట్సాప్‌తోనే ఇంటికి మాట్లాడే వేలమంది మాటేమిటి? ప్యాకు గడువు తీరి రోమింగ్‌లో నెట్‌వర్కు అందని సిమ్ము మాటేమిటి? ఆ ఆదేశం పూర్తిగా అమలయ్యేలోగా ఈ రెండు ప్రశ్నలకు తెలుగులో, పల్లె మనిషికి అర్థమయ్యేట్టు జవాబు రావాలి.

ఇక పరదేశంలో కొనే సిమ్ము సంగతి. ఈ లేఖ చదివే మా ప్రాంతంవాళ్లకు కూడా అక్కరకొస్తుందని కొంచెం వివరంగా రాస్తున్నాను, మీరు మన్నించాలి.

గల్ఫ్‌లో అన్నిటికన్నా ముఖ్యమైనది సిమ్ము ఎవరి పేరు మీద ఉందన్నది. కువైట్‌లో జైన్, ఊరిడూ, ఎస్‌టీసీ, సౌదీలో ఎస్‌టీసీ, మొబైలీ, జైన్, యూఏఈలో ఎతిసలాత్ (ఇది పాతపేరు), డు కంపెనీలు ఉన్నాయి. వీటిలో ఏది తీసుకున్నా కాల్సు పోతాయి, డేటా వస్తుంది. ధరల్లో తేడా ఉంటుంది, అది రూమ్మేటును అడిగితే ఒక్క పూటలో తెలిసిపోతుంది. కానీ విమానం దిగగానే ఏజెంటు చేతిలో పెట్టిన సిమ్మునో, యజమాని ఇచ్చిన సిమ్మునో ఏళ్ల తరబడి వాడేవాళ్లు చాలామంది. అక్కడ కూడా ఇప్పుడు ప్రభుత్వ పనులన్నీ నంబరు మీదే నడుస్తున్నాయి. సౌదీలో అబ్షిర్, కువైట్‌లో సహెల్, ఖతార్‌లో మెట్రాష్ యాప్‌లు ఉన్నాయి. ఇఖామా (నివాస అనుమతి) ఎప్పటిదాకా ఉంది, తన మీద ఎవరైనా పారిపోయాడని కేసు పెట్టారా, జరిమానా ఏమైనా పడిందా అన్నవి మనిషి తనంతట తాను చూసుకోగల చోట్లు అవి. సిమ్ము వేరొకరి పేరు మీద ఉంటే తన బతుకు కాగితం తాను చూసుకోలేడు. ఇంటిపనికి పోయిన ఆడవాళ్లకు ఇది మరీ అవసరం. సివిల్ ఐడీయో ఇఖామానో చేతికి రాగానే తన పేరు మీద, తన వేలిముద్రతో సొంత సిమ్ము తీసుకోవాలి. అంతదాకా కొత్తగా దిగినవాళ్లు సందర్శకుల సిమ్ముతో గడుపుకోవచ్చు. సౌదీలో 2016లో సిమ్ముకు వేలిముద్ర తప్పనిసరి చేశారు. కాబట్టి రోడ్డు పక్కన ఎవరో ఇంకోసారి వేలు పెట్టు, మొదటిది పడలేదు అంటే అనుమానించాలి. ఆ రెండో ముద్రతో మన పేరు మీద ఇంకో సిమ్ము పుట్టే అవకాశం ఉంది.

రెండో సంగతి, ఇంటికి మాట్లాడేది ఎలా అన్నది. యూఏఈలో వాట్సాప్ కాల్ పోదు. మెసేజీ పోతుంది, గొంతు రికార్డు చేసి పంపితే పోతుంది, కాల్ మాత్రం పోదు. అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్‌లు వాడాలి. ఇది తెలియక దుబాయ్ దిగిన రోజు రాత్రి కొడుకు ఫోను కలవలేదని ఇక్కడ తల్లి తెల్లవార్లూ ఏడ్చిన ఇళ్లున్నాయి. అందుకని పోకముందే ఇంట్లోవాళ్ల ఫోనులో కూడా ఆ యాప్ వేసి, ఎలా నొక్కాలో చూపించి పోవాలి. ఇంకొకటి, ఆ దేశం విడిచి వచ్చేటప్పుడు నెలనెలా బిల్లు కట్టే సిమ్ము అయితే బాకీ లేకుండా మూసి రావాలి. కువైట్ 2023 నుంచి దేశం వదిలే విదేశీయులు ట్రాఫిక్ జరిమానాలతోపాటు కరెంటు, టెలిఫోను బాకీలు కూడా కట్టాకే పోవాలంటోంది. ప్రీపెయిడ్ తీసుకుంటే ఈ తలనొప్పి లేదు.

చదువులకు పోయే పిల్లలకు దారి వేరు. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ నంబరు, అప్పుల చరిత్ర లేకుండా మొదట బిల్లు కనెక్షను దొరకడం కష్టం. అందుకే ప్రీపెయిడ్‌తో మొదలుపెట్టి, తర్వాత నలుగురైదుగురు కలిసి ఫ్యామిలీ ప్లాను పంచుకుంటారు. టీ-మొబైల్, ఏటీ అండ్ టీ, వెరైజన్, ఈ మూడు నెట్‌వర్కుల్లో కాలేజీ ఉన్న ఊళ్లో ఏది బాగా అందుతుందో సీనియర్లను అడగడం మేలు. ఇంగ్లండులో లెబారా, లైకా లాంటివి ఇండియా కాల్సుకు చవక. ఆస్ట్రేలియాలో 2024 అక్టోబరు చివర 3జీ ఆపేశారు. అత్యవసర నంబరు 000కు 4జీ మీద కాల్ చేయలేని ఫోనులను అక్కడి నెట్‌వర్కులు ఆపేస్తున్నాయి. కాబట్టి ఇక్కడ కొన్న పాత ఫోను అక్కడ పనిచేస్తుందో లేదో కనుక్కుని పోవాలి. ఇంకొకటి, అమెరికాలో అమ్మే ఐఫోనులకు 2022లో వచ్చిన 14 మోడల్ నుంచి సిమ్ము పెట్టే సందే లేదు, అంతా ఫోనులోపలే ఉండే ఇ-సిమ్మే. కొడుకు ముచ్చటపడి పంపిన ఫోను గిద్దలూరులో తండ్రి చేతికొచ్చాక సిమ్ము ఎక్కడ పెట్టాలో తెలియక బీరువాలో ఉండిపోతుంది. అటు అమెరికాలో అదే ఫోను కొన్న కొడుకు తన ఊరి సిమ్మును ముందే ఇ-సిమ్ముగా మార్చుకోకపోతే ఓటీపీలు పోయినట్టే.

ఎవరు పోయినా, పోకముందు ఊరి సిమ్ముకు అంతర్జాతీయ రోమింగ్ ఆన్ చేయించుకోవాలి. ఇది లేకపోతే గడువున్న సిమ్ముకు కూడా అక్కడ మెసేజీ రాదు. ఫోనులో డేటా రోమింగ్ ఆపుకుంటే చాలు, లోపలికి వచ్చే ఎస్ఎంఎస్‌కు సాధారణంగా డబ్బు పడదు. కాల్ ఎత్తితే పడుతుంది. ఈ తేడా చెప్పేవాళ్లు లేక, బ్యాలెన్సు మొత్తం ఊడ్చుకుపోతుందన్న భయంతోనే చాలామంది సిమ్ము తీసి పాస్‌పోర్టు అట్టలో దాస్తున్నారు. రెండు సిమ్ముల ఫోను చేతిలో ఉండి కూడా.

ఇంకో హెచ్చరిక. తెలిసినవాడు అడిగాడనో, ఏజెంటు చెప్పాడనో ఇతరుల సిమ్ములు వెంట తీసుకుపోవద్దు. కంప్యూటర్ ఉద్యోగాలని చెప్పి మన రాష్ట్రపు పిల్లలను కంబోడియా తీసుకుపోయి సైబరు మోసాలు చేయించిన వ్యవహారాన్ని 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టారు. ఆగ్నేయాసియాలో రోమింగ్‌లో ఉన్న మన సిమ్ముల మీద అప్పటినుంచి మీ శాఖ కన్నుంది. 2023 టెలికాం చట్టం ప్రకారం మోసంతో సిమ్ము సంపాదిస్తే మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల రూపాయల దాకా జరిమానా. పోకముందు మీ శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లో తన పేరు మీద ఎన్ని నంబర్లు ఉన్నాయో ఒకసారి చూసుకుంటే, తెలియని నంబరును అక్కడే తీసేయించవచ్చు. ఈ పని మాత్రం మీ శాఖ నిజంగా బాగా చేసింది. వాడమని నేను అందరికీ చెబుతున్నాను.

ఇవన్నీ మనిషి చేసుకోగలిగినవి. చేసుకోలేనివి మీ దగ్గర ఉన్నాయి.

మొదటిది, పరదేశంలో ఉండేవాళ్లకు ప్రత్యేకంగా ఏడాది ప్యాకు. కాల్సు వద్దు, డేటా వద్దు. లోపలికి ఎస్ఎంఎస్ వస్తే చాలు, రోమింగ్‌లోనైనా, వైఫై మీదనైనా. దీనికి ఏడాదికి మూడు నాలుగు వందలకు మించి పెట్టాల్సిన పని లేదని నా నమ్మకం. ఏ కంపెనీ ముందుకు రాకపోతే బీఎస్ఎన్ఎల్ మీ చేతిలోనే ఉంది. 2025 సెప్టెంబరు 27న ప్రధాని ఒడిశాలోని ఝార్సుగూడలో బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీని ప్రారంభించారు. వైఫై మీద కాల్సు, మెసేజీలు కూడా ఆ సంస్థ తెచ్చింది. నల్లమల అంచు ఊళ్లలో, దోర్నాల అడవి దారిలో ఈనాటికీ చాలామందికి దిక్కు బీఎస్ఎన్ఎల్ టవరే. ఆ సంస్థ ఈ ప్యాకు తెస్తే, పోయేముందు నంబరును దానికి మార్చుకుని పోయేవాళ్లు మా ప్రాంతంలోనే బోలెడంతమంది ఉంటారు. పోతున్న కస్టమర్లను వెనక్కి తెచ్చుకోవడానికి బీఎస్ఎన్ఎల్‌కు ఇంతకన్నా మంచి అవకాశం ఏముంది?

తర్వాత, నంబరు తీసేసే ముందు ఎవరికి చెబుతున్నారు? హెచ్చరిక మెసేజీ ఆ నంబరుకే పంపుతున్నారు, ఆ సిమ్మేమో పెట్టెలో ఉంది. సిమ్ము తీసుకునేటప్పుడే ఇంటి మనిషి నంబరు ఒకటి రాయించుకుని, తీసేసే ముందు రెండుసార్లు ఆ నంబరుకు తెలుగులో చెబితే చాలు. ఊళ్లో ఉన్న భార్యో తండ్రో వెంటనే రీఛార్జి చేయిస్తారు. ఆధార్‌కు, బ్యాంకుకు ముడిపడిన నంబరును 90 రోజులకే వేరొకరికి ఇవ్వడం ఆ కొత్త మనిషికి కూడా అన్యాయమే. పాతవాడి బ్యాంకు మెసేజీలు, అప్పులవాళ్ల ఫోనులు ఆ కొత్త మనిషికి పోతున్నాయి. ఆగిపోయిన నంబర్ల జాబితా మీ శాఖ దగ్గర ఉంది. దాన్ని చూసి ఖాతాలు సరిచూసుకోవాలని 2025 జనవరిలో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. నంబరును వేరొకరికి ఇచ్చే ఆ 90 రోజుల గడువును ఏడాదికి పెంచితే పరదేశం నుంచి వచ్చినవాడికి తన నంబరు తాను తీసుకునే వీలైనా ఉంటుంది.

పరదేశంలో ఫోను పోయినా, సిమ్ము చెడినా ఇప్పుడు సాధారణంగా మనిషి స్వయంగా వచ్చి ముఖం చూపాలి. దానికోసం విమానం ఎక్కి ఎవరు వస్తారు? కువైట్, రియాద్, అబుధాబి రాయబార కార్యాలయాల్లో పాస్‌పోర్టు చూపి, ముఖం సరిపోల్చి, ఇ-సిమ్ము అక్కడే ఇచ్చే ఏర్పాటు విదేశాంగ శాఖతో కలిసి మీరు చేయగలరు. సిమ్ము మార్చాక 24 గంటలు మెసేజీలు ఆపే జాగ్రత్త ఇప్పటికే ఉంది కాబట్టి దొంగలకు సందు దొరుకుతుందన్న భయం అక్కర్లేదు. ఎస్ఎంఎస్ ఓటీపీ ఒక్కటే దారి కాదని 2025 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలు ఇచ్చింది, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలుకు గడువు పెట్టింది. అవి పల్లె బ్యాంకు శాఖ దాకా చేరేసరికి ఎన్నేళ్లు పడుతుందో చూడాలి. అంతదాకా మా వాళ్లకు సిమ్మే దిక్కు.

చివరిగా, చదువు చెప్పడం. గల్ఫ్ పనులకు పోయేవాళ్లకు విదేశాంగ శాఖ ప్రయాణానికి ముందు శిక్షణ ఇస్తోంది. అందులో సిమ్ము మీద ఒక్క గంట పెట్టించండి. రోమింగ్ ఎలా ఆన్ చేయాలి, ఇరవై రూపాయల నిబంధన ఏమిటి, సిమ్ము సొంత పేరు మీద ఎందుకు ఉండాలి, యూఏఈలో కాల్ ఎలా చేయాలి, అంతే. దూరపు పట్నం దాకా పోయి శిక్షణ తీసుకునే ఓపిక గిద్దలూరు కూలీకి ఉండదు. పోయి రావడానికే ఒక రోజు కూలి పోతుంది. మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం గ్రామ, వార్డు కార్యాలయాల్లో ఒక పేజీ తెలుగు కాగితం అంటించినా చాలు. ప్రవాసాంధ్ర భరోసా బీమా గురించి చెప్పే ఏపీ ఎన్ఆర్‌టీ సొసైటీ వాళ్లు ఆ కాగితాన్ని తమ దరఖాస్తుతో కలిపి ఇవ్వగలరు.

మంత్రి గారూ, వీటిలో ఏ ఒక్కదానికీ వేల కోట్లు అక్కర్లేదు. ట్రాయ్‌కు మీ శాఖ నుంచి ఒక లేఖ, బీఎస్ఎన్ఎల్‌కు ఒక ఆదేశం, విదేశాంగ శాఖతో ఒక సమావేశం కావాలి. పరదేశం ప్యాకును బీఎస్ఎన్ఎల్‌తో ముందు మా మార్కాపురం ప్రాంతంలో మొదలుపెట్టించండి. రెండేళ్లు పని చేసుకుని వచ్చిన మనిషి తన నంబరు తనకే ఉండేట్టు చూడండి.

ఇట్లు,
మార్కాపురం నుంచి ఒక పౌరుడు